మన గడప దగ్గరికి వచ్చిన ప్రశ్నలు

కొన్నేళ్ళ క్రిందటి మాట. అసర్ నమాజు చదువుకుని మస్జిద్ నుంచి ఇంటికి వస్తున్నాను. మా గల్లీ మలుపులో ఒక అమ్మాయి నిలబడి ఉంది. భుజాన సంచి, చేతిలో క్లిప్పు పెట్టిన అట్ట, దానిమీద కాగితాల దొంతర. ఎండకు ముఖం వాడిపోయింది. అప్పటికి ఏడు ఇళ్ళ తలుపులు తట్టిందట. ఏడు ఇళ్ళలోనూ పరదా వెనక నుంచి ఒకటే జవాబు వచ్చింది: "ఘర్ మే మర్దా నై, బాద్ మే ఆవ్." ఇంట్లో మగవాళ్ళు లేరు, తర్వాత రా అని.

నిజానికి ఆ అమ్మాయికి మగవాళ్ళతో పనే లేదు. బీడీలు చుట్టే ఆడవాళ్ళతోనే ఆమెకు పని. వాళ్ళు రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటారు, కమీషన్‌దారు ఎన్ని బీడీలు పనికిరావని తీసి పారేస్తాడు, పి.ఎఫ్. కార్డు ఎవరి పేరున ఉంది, నడుము నొప్పికి ఏ డాక్టరు దగ్గరికి వెళతారు, ఇలాంటివి తెలుసుకోవడానికి వచ్చింది. ఆమె సోషల్ వర్క్ చదువులో పరిశోధన చేస్తోంది. ఖర్చుకు సర్కారు నుంచి ఫెలోషిప్ వస్తుంది. ఈ సంగతి ఆమె దాచలేదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. సర్కారు డబ్బు ఇచ్చి పంపిందని తెలిశాక తలుపులు మరింత గట్టిగా మూసుకున్నాయి.

"మాస్టర్ సాబ్, సర్కారు ఊరికే డబ్బు ఎందుకిస్తుంది? మన ఇళ్ళలోకి తొంగి చూడడానికి కాకపోతే!" అని మా పక్కింటి ఖాలా నన్ను నిలదీసింది. ఖాలా అడిగిన ప్రశ్న తేలికైనది కాదు. ఆనాడు నేను ఆమెకు ఏదో సర్ది చెప్పాను గానీ, సరైన జవాబు చెప్పలేకపోయానన్న వెలితి నాకు ఉండిపోయింది. ఆ జవాబే ఈ శుక్రవారం పాఠకుల ముందు పెడుతున్నాను.

ఖిద్మత్ వేరు, ఈ చదువు వేరు

మన వాళ్ళకు "సోషల్ వర్క్" అనగానే ఖిద్మతె ఖల్క్ గుర్తుకు వస్తుంది. అంటే ప్రజాసేవ. రంజాన్‌లో రేషన్ పంచడం, అనాథ పిల్ల పెళ్ళికి చందా పోగు చేయడం, రోగిని హైదరాబాద్ ఉస్మానియా ఆస్పత్రికి తీసుకుపోవడం. ఇవన్నీ గొప్ప పనులే. కానీ సోషల్ వర్క్ అనే చదువు ఇంకొక ప్రశ్న వేస్తుంది. ఈ ఇంట్లో రేషన్ ఎందుకు లేకుండా పోయింది? ఈ గల్లీలో పది ఇళ్ళలో ఒకే జబ్బు ఎందుకు ఉంది? కారణం తెలియకుండా ఇచ్చే సహాయం ఒక పూట ఆకలి తీరుస్తుంది. మరుసటి రోజు మళ్ళీ అదే తలుపు, అదే చేయి.

మన దేశంలో ఈ చదువుకు పునాది పడి తొంభై ఏళ్ళు కావస్తోంది. 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేరున మొదలైన పాఠశాలే నేటి టాటా సామాజిక శాస్త్రాల సంస్థ. అక్కడ మొదలైన చదువు తర్వాత దేశమంతా పాకింది. ఈనాడు హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్.డబ్ల్యూ. ఉర్దూ మాధ్యమంలోనే చదువుకోవచ్చు. 1998లో వచ్చిన ఆ విశ్వవిద్యాలయం చాలా మదర్సాల సనదులను కూడా ప్రవేశానికి గుర్తిస్తుంది. మదర్సాలో చదివి, ఉర్దూలో తప్ప ధైర్యంగా కలం కదపలేని మా తరం వాళ్ళకు ఆ రోజుల్లో ఈ అవకాశం ఉంటే ఎలా ఉండేదో అని అప్పుడప్పుడు అనుకుంటాను.

ఇక పరిశోధనకు డబ్బు సంగతి. దుకాణం పెట్టేవాడు లాభం చూసుకుని పెట్టుబడి పెడతాడు. బీడీలు చుట్టే ఆమె నడుము నొప్పి మీద పెట్టుబడి పెట్టే వ్యాపారి ఎవరుంటారు? ఆ పని సర్కారు చేయాలి. 1969లో కేంద్ర ప్రభుత్వం భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలిని ఏర్పాటు చేసింది అందుకే. పరిశోధక విద్యార్థులకు ఫెలోషిప్పులు, అధ్యాపకులకు ప్రాజెక్టులు, పరిశోధనా సంస్థలకు గ్రాంట్లు ఆ మండలి ద్వారా వెళతాయి. హైదరాబాద్ బేగంపేటలోని ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం (సెస్) అలా మండలి సాయం అందుకునే సంస్థే. యూజీసీ నెట్ పరీక్షలో సోషల్ వర్క్ ఒక సబ్జెక్టు. అందులో జూనియర్ రీసెర్చి ఫెలోషిప్ వచ్చినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు నిర్ణయించారు. మా గల్లీకి వచ్చిన అమ్మాయి చెప్పుల అరుగుదలకు ఇలాంటి ఖాతాల నుంచే డబ్బు వస్తుంది. గూఢచారులకు ఇచ్చే డబ్బు కాదిది.

పొరుగు జిల్లాలో జరిగింది

సర్కారు డబ్బుతో జరిగిన అధ్యయనం బీదవాడికి ఏం చేసిందని అడిగితే, దూరం పోనక్కరలేదు. నిర్మల్ ఘాటు ఎక్కి దిగితే ఆదిలాబాద్. 1940లో జోడేఘాట్ దగ్గర కుమ్రం భీమ్‌ను నిజాం పోలీసులు కాల్చి చంపారు. అడవిలో గోండుల గోడు ఏమిటో తెలుసుకోకుండా తుపాకీ పంపిన ఫలితం అది. ఆ తర్వాత అదే నిజాం ప్రభుత్వం క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తకు ఆ పని అప్పగించింది. ఆయన మార్లవాయి గూడెంలో కాపురం ఉండి, గోండీ నేర్చుకుని, వాళ్ళ భూములు ఎవరి చేతుల్లోకి ఎలా పోయాయో రాశాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణా కేంద్రం వచ్చింది, గోండీలో వాచకాలు వచ్చాయి, వేలాది కుటుంబాలకు పట్టాలు అందాయి. నిజాం పాలనలో చేదూ ఉంది, తీపీ ఉంది. ఈ పని మాత్రం తీపి లెక్కలోకి వస్తుందని నా అభిప్రాయం. అయితే అడగడానికి ముందు ఒక ప్రాణం పోవలసి వచ్చింది. ఈ ముక్క మరచిపోకూడదు.

1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం సామాజిక సేవా విస్తరణ పథకం కింద విద్యార్థులనూ అధ్యాపకులనూ హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటకు పంపింది. ఆ ఊరి మీద ఎస్.సి. దూబే రాసిన పుస్తకం 1955లో వెలువడింది. ఊరి మంచి చెడ్డలు చూస్తూనే ఊరిని చదవడం అక్కడ జరిగింది. ఆ పుస్తకంలో హిందువుల కులాలతో పాటు ఊళ్ళోని ముస్లింల గురించి కూడా ఉంది.

వేల్పూర్ వంద రోజులు

ఇక మన ఇంటి ముచ్చట. ఆర్మూరు పక్కనున్న వేల్పూర్ మండలం పసుపు పంటకు పేరున్న నేల. ఇరవై ఐదేళ్ళ కిందట అక్కడి ఊళ్ళలో పిల్లవాణ్ణి జీతం ఉంచడం ఎవరికీ తప్పుగా తోచేది కాదు. తండ్రి ఆసామి దగ్గర బాకీ తీసుకుంటాడు, కొడుకు పశువుల వెంట పోతాడు. కూతురు ఇంట్లో కూర్చుని బీడీలకు దారం చుడుతుంది. బీడీలు చుట్టడం వచ్చిన పిల్లకే సంబంధాలు త్వరగా కుదిరేవి. సిగ్గు పడాల్సిన మాటే అయినా, ఇది మన ఇళ్ళలోనూ ఉన్న మాటే.

2001 జూన్‌లో, అప్పటి నిజామాబాద్ కలెక్టర్ జి. అశోక్ కుమార్ చొరవతో, 5 నుంచి 15 ఏళ్ళ లోపు పిల్లలందరూ బడిలో ఉండాలని వేల్పూర్ మండలంలో ఉద్యమం మొదలయింది. సుమారు వంద రోజులు గడిచాక అక్టోబర్ 2న దానిని బాల కార్మికులు లేని మండలంగా ప్రకటించారు. ఊళ్ళ సర్పంచులు ప్రభుత్వంతో ఒప్పంద పత్రం మీద సంతకాలు చేశారు. పిల్లలను బడిలో నిలపడం ఊరి బాధ్యత, బడికి కావలసినవి చూడడం ప్రభుత్వ బాధ్యత. పిల్లల మీద ఉన్న బాకీలు దాదాపు 35 లక్షల రూపాయలు యజమానులు వదులుకున్నారు. వేల్పూర్ పేరు అటు తర్వాత ఢిల్లీ దాకా వెళ్ళింది, "వేల్పూర్ నమూనా" అనే మాట పుట్టింది.

ఆ రోజుల్లో నేను ముప్ఫై నిండని మాస్టరును. పేర్లు రాసుకునే పనిలో నేనూ గడపలు తొక్కాను. అందులో నేను నేర్చుకున్నది ఏ శిక్షణా కళాశాలలోనూ నేర్చుకోలేదు. "మీ పిల్లలు బడికి పోతున్నారా?" అని అడిగితే ప్రతి ఇంటా "పోతున్నారు" అనే జవాబే వచ్చేది. అబద్ధం చెప్పాలని కాదు. మాస్టరు అడిగినప్పుడు ఆ జవాబు చెప్పడం మర్యాద అనుకునేవారు. కొన్నాళ్ళకు మేము ప్రశ్న మార్చాం. "ఈ పొద్దు పిల్లవాడు చాయ్ తాగి ఎటు పోయిండు?" అని అడిగాం. అప్పుడు బర్రెల దొడ్డి, పసుపు చేను, హోటల్ బల్లలు బయటికి వచ్చాయి.

ఒక ఇంట్లో పదకొండేళ్ళ పిల్ల తల్లి పక్కన కూర్చుని, తల్లి చుట్టిన బీడీలకు ఒక్కొక్కదానికే దారం కడుతోంది. "పిల్ల పని చేస్తోందా అమ్మా?" అన్నాను. "పని ఏడుంది మౌల్వీ సాబ్, ఉత్తగనే నాకు తోడు కూసుంది" అంది ఆ తల్లి. ఆమె దృష్టిలో అది పని కాదు. మా కాగితంలో కూడా దానికి గడి లేదు! ఆ పిల్ల పేరు "పని చేయడం లేదు" అనే వరుసలోకి పోవలసిందే. నా పక్కనున్న వయసు మళ్ళిన టీచరమ్మ అట్ట తిప్పి, వెనుక వైపు ఆ పిల్ల పేరు రాసుకుంది. మరుసటి వారం ఆ పేరు పట్టుకుని మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళింది.

పాఠకులు గమనించాలి. తలలు లెక్కపెట్టడం ఒకటి, సరైన ప్రశ్న కనిపెట్టడం ఇంకొకటి. రెండవదాని పేరే పరిశోధన. అది ఓపిక కలిగిన, శిక్షణ పొందిన మనిషిని నెలల తరబడి ఊరిలో ఉంచితే గానీ దొరకదు. ఉంచాలంటే తిండికి, గదికి, బస్సుకు డబ్బు కావాలి. ఖాలా అడిగిన "సర్కారు ఊరికే డబ్బు ఎందుకిస్తుంది" అనే ప్రశ్నకు సగం జవాబు ఇక్కడ ఉంది.

కచేరీలో కాగితమే సాక్షి

మిగతా సగం జవాబు ఇంకా బరువైనది. 2004లో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ ఇస్తూ ఉత్తర్వు తెచ్చింది. మన ఊళ్ళలో మిఠాయిలు పంచుకున్నారు. ఆ ఏడాదే హైకోర్టు దానిని కొట్టివేసింది. 2005లో బీసీ కమిషన్ నివేదిక తీసుకుని చట్టం చేశారు. ఆ నవంబర్‌లో అదీ పోయింది. కోర్టు అడిగిందేమిటి? సముదాయం మొత్తం సామాజికంగా వెనకబడి ఉందని ఏ ఆధారంతో చెబుతున్నారు, ఏ కొలతతో కొలిచారు, ఎవరిని అడిగారు అని. మన బీదరికం మన కళ్ళకు కనిపిస్తూనే ఉంది. కానీ కోర్టుకు కళ్ళతో కాదు, కాగితంతో చూపించాలి.

2007లో పి.ఎస్. కృష్ణన్ అనే విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారిని పిలిపించారు. ఆయన పాత జనగణన గ్రంథాలు, భారత మానవ శాస్త్ర సర్వే సేకరించిన వివరాలు తిరగేసి, ముస్లింలందరినీ ఒకే గాటన కట్టకుండా, ఫకీర్, హజ్జామ్, ఖురేషీ, ధోబీ, అత్తర్ సాయిబులు, గారడీ ముస్లిం ఇలా వృత్తులను బట్టి వర్గాలను గుర్తించారు. ఆ నివేదిక మీద బీసీ-ఇ వర్గం, 4 శాతం వచ్చాయి. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు మెజారిటీ తీర్పు దానినీ కొట్టివేసింది. సర్వే జరిగిన పద్ధతి శాస్త్రీయంగా లేదన్నది ఆ తీర్పులోని ఆక్షేపణల్లో ఒకటి. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వబట్టి ఆ 4 శాతం నిలిచింది. ఈ దారిన ఇంజనీరింగు, మెడికల్ సీట్లు తెచ్చుకున్న పిల్లలు మన ఇళ్ళలో ఎందరున్నారో పాఠకులకే తెలుసు. ఆ సీటు వెనుక ఎవరో అనామక పరిశోధకుడు ఫకీర్ల గుడిసెల దగ్గర కూర్చుని రాసుకున్న కాగితం ఉంది. ఆనాడు ఆ గుడిసెల్లో "ఇంట్లో మగవాళ్ళు లేరు" అని పంపించేసి ఉంటే?

జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ సంగతి అందరూ ఎరిగినదే. 2005లో వేశారు, 2006 నవంబర్‌లో నివేదిక వచ్చింది. అందులోని గొప్పతనం గురించి ఉపన్యాసాలు చాలా విన్నాం. నాకు తోచిన గొప్పతనం చిన్నది. ఆ కమిటీ వాడుకున్న లెక్కల్లో చాలా భాగం అప్పటికే సర్కారు బీరువాల్లో ఉన్నవే. జనగణన, జాతీయ నమూనా సర్వే, బ్యాంకుల ఖాతాలు. వాటిని వరుసలో పెట్టి, ముస్లింల వాటా ఎంత అని ఆ కమిటీ అడిగింది. తెలంగాణ వచ్చాక 2015లో జి. సుధీర్ అధ్యక్షతన వేసిన కమిషన్ మన రాష్ట్ర ముస్లింల స్థితిగతుల మీద 2016లో నివేదిక ఇచ్చింది. ఇలాంటి నివేదికలు అమలు కాలేదని మన వాళ్ళు నిష్ఠూరంగా మాట్లాడతారు. నిష్ఠూరం న్యాయమే. కానీ నివేదికే లేకపోతే నిష్ఠూరానికి కూడా ఆధారం ఉండదు.

భయం ఎక్కడి నుంచి వచ్చింది?

ఖాలా భయాన్ని నేను తేలిక చేయడం లేదు. 2019-20లో పౌరసత్వ చట్టం, పౌర పట్టిక గురించి దేశమంతా అలజడి రేగినప్పుడు, చేతిలో కాగితం పట్టుకున్న ప్రతి మనిషినీ మన గల్లీలు అనుమానంగా చూశాయి. ఆ అనుమానం వెనుక ఉన్న వేదన ఉత్తిది కాదు. అందుకే వచ్చినవారిని ముందు అడగాలి. నీవు ఏ విశ్వవిద్యాలయం నుంచి వచ్చావు, గుర్తింపు కార్డు ఏది, మా పేర్లు నీ పుస్తకంలో వస్తాయా, నాకు ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పకపోవచ్చా? నిజమైన పరిశోధకులు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. జవాబిచ్చే వారి అంగీకారం తీసుకోవడం, పేర్లు గోప్యంగా ఉంచడం వారి విధి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఓ.టి.పి. అడిగేవాడు పరిశోధకుడు కాదు. వాణ్ణి గడప దగ్గర నుంచే పంపించేయండి.

ఇంకొక మాట పెద్దవాళ్ళ నోట వింటుంటాను. మనుషులను లెక్కపెట్టడం అశుభం, నజర్ తగులుతుంది అని. ఇది మన దీన్‌లోని మాట కాదు. ఇస్లాం స్వీకరించినవారి పేర్లు రాసి ఇవ్వమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించినట్లు, అప్పుడు 1500 మంది లెక్క తేలినట్లు హజ్రత్ హుజైఫా (రజి) ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్‌లో దీవాన్ పేరున రిజిస్టర్లు పెట్టించి, వాటి ప్రకారమే జీతభత్యాలు పంచారు. పేరు రాయకుండా హక్కు పంచడం వారికీ కుదరలేదు.

2024 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి కుటుంబ సర్వే చేయించింది. 2025 ఫిబ్రవరిలో వెల్లడించిన లెక్కల ప్రకారం రాష్ట్ర జనాభాలో ముస్లింలు 12.56 శాతం. అందులో బీసీ ముస్లింలు 10.08, ఓసీ ముస్లింలు 2.48. ఈ రెండు అంకెలు విడివిడిగా రావడమే ముఖ్యం. మనలో ఎక్కువమంది వెనుకబడిన వర్గాల వారేనన్న మాట ఇక ఎవరి నోటి మాటో కాదు. అయితే అంకె ఎంతమంది అని చెబుతుంది, ఎందుకు అని చెప్పదు. ఎందుకు అని చెప్పాలంటే మళ్ళీ ఆ అట్ట పట్టుకున్న అమ్మాయే రావాలి.

ఇవ్వవలసిన చేయి ముడుచుకుంటే

ఇక్కడ సర్కారుకూ ఒక మాట చెప్పక తప్పదు. సచార్ నివేదిక తర్వాత 2009లో మైనారిటీ వర్గాల పరిశోధక విద్యార్థుల కోసం మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ మొదలైంది. ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, పార్సీ, జైన విద్యార్థులు దానితో ఎం.ఫిల్., పీహెచ్.డి. చేశారు. 2022 డిసెంబర్‌లో కేంద్రం దానిని 2022-23 నుంచి ఆపివేస్తున్నట్లు పార్లమెంటులో ప్రకటించింది. ఇతర ఫెలోషిప్పులు ఈ విద్యార్థులకూ ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి అవుతోందన్నది చెప్పిన కారణం. కాగితం మీద ఆ కారణం బాగానే ఉంది. నిజ జీవితంలో ఎలా ఉంటుంది? ఉర్దూ మాధ్యమంలో ఎం.ఎస్.డబ్ల్యూ. చదివిన పిల్ల నెట్ పరీక్షలో సోషల్ వర్క్ పేపరు ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాలి. దారి మూసేయలేదు నిజమే, కానీ ఆ దారి ఆమె భాషలో లేదు.

పరదా వెనుక ఉన్న బీడీ కార్మికురాలితో ఆమె భాషలో మాట్లాడగల పరిశోధకురాలు ఎవరు? ఆ గల్లీలో పుట్టిన పిల్లే. ఆమె చదువుకు అందే సాయం తగ్గితే, నష్టం ఆమె ఒక్కదానిది కాదు. బయటి నుంచి వచ్చినవారు పరదా దాకా వస్తారు, పరదా లోపలి మాట వారికి అందదు. ఈ చిన్న లెక్క ఢిల్లీలో ఎవరూ వేసినట్లు లేదు.

మన జిల్లాలోనే అంశాలకు కొదవా? బోధన్ శక్కర్ నగర్‌లో 1937లో స్థాపించిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఆ క్వార్టర్లలో పెరిగిన పిల్లల చదువులు ఏమయ్యాయి, ఏ ఇంటి నుంచి ఎవరు గల్ఫ్ వెళ్ళారు, ఇంటి ఖర్చు ఎవరి భుజాన పడింది? నిజామాబాద్ తెలంగాణ విశ్వవిద్యాలయంలో గానీ, హైదరాబాద్‌లో గానీ సోషల్ వర్క్ చదివే మన పిల్లలు ఇలాంటివి ఎత్తుకోవాలి. ఆ క్వార్టర్ల వృద్ధులు ఇంకా ఉన్నారు, మాట్లాడగలరు.

పరిశోధకుల మీద కూడా నాకొక ఫిర్యాదు ఉంది. చాలా ఏళ్ళ కిందట ఒక పెద్ద సంస్థ వాళ్ళు వచ్చారు, పేరు అనవసరం. మూడు రోజులు నన్ను వెంట తిప్పుకున్నారు. ఉర్దూ నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి ఉర్దూలోకి చెప్పి చెప్పి నా గొంతు పోయింది. ఆడవాళ్ళు బీడీల చాటలు పక్కన పెట్టి గంటల తరబడి మాట్లాడారు. ఆ గంటలకు వాళ్ళకు కూలీ పోయింది. నివేదిక పంపిస్తామన్నారు. ఈనాటి వరకు ఒక కాగితం ముక్క రాలేదు. ఆ ఇళ్ళవాళ్ళు ఇప్పటికీ నన్ను అడుగుతారు, "మాస్టర్ సాబ్, మేము చెప్పింది ఏమైంది?" అని. నా దగ్గర జవాబు లేదు. సర్కారు గ్రాంటు ఇచ్చేటప్పుడు ఒక షరతు పెట్టాలని నా మనవి. ఎవరిని అడిగారో వారికి, వారి భాషలో, కనీసం నాలుగు పేజీలు తిరిగి ఇవ్వాలి. ఇది పెద్ద ఖర్చు కాదు.

ఆ సాయంత్రం ఆ అమ్మాయిని ఇంటికి తీసుకువెళ్ళి మా ఇంటామెకు అప్పగించాను. ఆమె చాయ్ ఇచ్చి, మరుసటి రోజు వెంటబెట్టుకుని ఇంటింటికీ తిప్పింది. మొదటి తలుపు తెరుచుకోవడానికి అరగంట పట్టింది. నాలుగో రోజుకు ఆడవాళ్ళే ఆమె కోసం ఎదురుచూశారు. దాదాపు రెండేళ్ళ తర్వాత ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిలో లావు పుస్తకం ఉంది. మా వాకిట్లో చాప వేసి, ఆడవాళ్ళను కూర్చోబెట్టి, తాను రాసింది తెలుగులో చదివి వినిపించింది. మా ఇంటామె దక్కనీలో చెబుతూ వచ్చింది.

వెయ్యి బీడీలు చుట్టడానికి పట్టే గంటల లెక్క వచ్చేసరికి ఖాలా చేయి ఎత్తింది. "ఆగు బేటీ. కూర్చుని చుట్టే టైమ్ రాశావు. రాత్రి తునికాకు తడిపి, తెల్లారి గంప ముందు పెట్టుకుని కత్తిరించే టైమ్ ఎవరు రాస్తారు? అది నా పని కాదా?"

ఆ అమ్మాయి కాసేపు పుస్తకం వైపు చూసింది. తర్వాత సంచిలో వెతికి పెన్సిలు తీసి, ఆ పేజీ అంచున రాసుకోవడం మొదలుపెట్టింది. "ఎన్ని గంటలు ఖాలా? మళ్ళీ మొదటి నుంచి చెప్పండి" అంది.